అడగడం కూడా సేవే: మార్లవాయి నుంచి గోదావరిఖని దాకా

మన చరిత్ర ముచ్చట్లలో ఇప్పటిదాకా గనుల గురించి, సమ్మెల గురించి, ఊళ్లు లేచిపోయి ఓపెన్‌కాస్టులు వచ్చిన సంగతుల గురించి మాట్లాడుకున్నాం. ఈ ఎపిసోడ్‌లో ఒక పని చరిత్ర చెప్తాను. ఆ పని పేరు అడగడం. సాటి మనిషికి సాయం చేసేవాళ్లు ఆ మనిషి బతుకు గురించి పద్ధతిగా అడగడం, రాసుకోవడం, లెక్కపెట్టడం, తిరిగి చెప్పడం మన ప్రాంతంలో ఎట్లా మొదలైంది, ఎట్లా నడిచింది, ఎక్కడ ఆగిపోయింది అన్నది ఈరోజు విషయం.

ఎందుకీ విషయం అంటే, నేను గోదావరిఖనిలో ఉంటాను. ఎమ్మెస్‌డబ్ల్యూ చదివే పిల్లలకు ఫీల్డ్‌వర్క్ రిపోర్టులు రాయడంలో సాయపడుతుంటాను. అంగన్‌వాడీ టీచర్లు, ఆశా కార్యకర్తలు, ఆస్పత్రి కౌన్సిలర్లు, సంక్షేమ విభాగాల్లో పనిచేసినవాళ్లు, స్వచ్ఛంద సంస్థలవాళ్లు కలుస్తుంటారు. అందరి నోటా దాదాపు ఒకే మాట వస్తుంది. "సార్, రీసెర్చ్ అంటే యూనివర్సిటీవాళ్ల పని కదా. మేం ఫీల్డ్‌ల తిరిగేటోళ్లం. మాకెందుకు?" అని. ఈ మాటకు జవాబు చరిత్రలోనే ఉంది. తెలంగాణలో సేవ, పరిశోధన మొదట్లో ఒకే గుడిసెలో పుట్టాయి. వేరు పడింది తర్వాతే.

ముందు బొగ్గుతో మొదలుపెడదాం. 1871లో జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకు చెందిన డాక్టర్ విలియం కింగ్ ఇల్లందు దగ్గర బొగ్గు ఉన్నట్టు కనుక్కున్నారు. 1886లో ఇంగ్లండ్‌లో పెట్టిన హైదరాబాద్ దక్కన్ కంపెనీకి తవ్వుకునే హక్కు దొరికింది. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ అన్న పేరు వచ్చింది. 1945లో కంపెనీ నిజాం ప్రభుత్వం చేతికి వచ్చింది. మన రామగుండం వైపు బాయిలు తెరుచుకున్నది 1960ల మొదట్లో. ఈ తేదీలన్నీ మనకు ఎట్లా తెలుసు? రాసిపెట్టారు కాబట్టి. భూమికి బోరు వేసి, ఎన్ని అడుగుల కింద ఏ రాయి ఉంది, బొగ్గు పొర ఎంత మందం, ఎటు వాలుగా ఉంది అని కాగితాల మీద గీసిపెట్టారు. భూమి గురించి అంత శ్రద్ధగా అడిగారు. మరి ఆ బొగ్గు తవ్విన మనిషి గురించి? ఆయన ఏ ఊరి నుంచి వచ్చాడు, ఎందుకు వచ్చాడు, ఆయన భార్య ఏం పని చేసింది, ముసలితనంలో ఆయన ఊపిరితిత్తులు ఎట్లా ఉన్నాయి? ఆ కాగితాలు మాత్రం వెతుక్కోవాలి.

ఇప్పుడు కొంచెం దూరం పోయి వద్దాం. సాయం చేసేవాళ్లే సర్వే చేయడం అన్న ఆలోచనకు బాగా పేరు తెచ్చింది అమెరికాలోని షికాగో. 1889లో జేన్ ఆడమ్స్, ఎలెన్ గేట్స్ స్టార్ అనే ఇద్దరు ఆడవాళ్లు వలస కూలీలు ఉండే పేటలో హల్ హౌస్ అని ఒక ఇల్లు తెరిచారు. పిల్లలను చూసుకోవడం, చదువు చెప్పడం, కష్టమొస్తే దారి చూపడం వాళ్ల పని. ఆ ఇంట్లో ఉన్నవాళ్లే ఇల్లిల్లూ తిరిగి ఏ ఇంట్లో ఏ దేశంవాళ్లు ఉన్నారు, వారానికి ఎంత కూలి వస్తుంది అని అడిగి, రంగులు వేసిన పటాలు గీశారు. 1895లో అది పుస్తకంగా వచ్చింది. చూడండి, బయటి నుంచి పరిశోధకులు వచ్చి చేసిన పని కాదది. అక్కడే ఉండి సేవ చేస్తున్నవాళ్లు చేసిన పని.

ఆ గాలి మన దేశానికి బొంబాయి మీదుగా వచ్చింది. క్లిఫర్డ్ మాన్‌షార్ట్ అనే అమెరికన్ మిషనరీ 1926లో బొంబాయి నాగ్‌పాడాలో అలాంటి ఇల్లే ఒకటి పెట్టారు. పదేళ్లు అక్కడ పనిచేశాక, సేవకు మంచి మనసు ఒక్కటే సరిపోదు, చదువు కూడా కావాలన్న ఆలోచనతో 1936లో సర్ దొరాబ్జీ టాటా గ్రాడ్యుయేట్ స్కూల్ ఆఫ్ సోషల్ వర్క్ మొదలైంది. ఇప్పుడు మనం టిస్ అని పిలిచే సంస్థ అదే. 1940 నుంచి అక్కడి నుంచి సోషల్ వర్క్ మీద ఒక పత్రిక కూడా వస్తోంది. మన దగ్గర ఎమ్మెస్‌డబ్ల్యూ చదువుకు మూలం ఆ స్కూలే. అందులో క్లాసు ఎంత ముఖ్యమో ఫీల్డ్‌వర్కూ అంతే ముఖ్యం. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. కొంచెంసేపట్లో మన బాయిల దగ్గరికి ఇది తిరిగి వస్తుంది.

ఇక మన ఇలాకాకు వద్దాం. ఖని నుంచి గోదావరి దాటి మంచిర్యాల, బెల్లంపల్లి, ఆసిఫాబాద్ మీదుగా గుట్టల్లోకి పోతే జైనూర్ మండలంలో మార్లవాయి అనే గోండు గూడెం ఉంటుంది. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీం నిజాం బలగాల చేతిలో చనిపోయాడు. ఆ కథ మీకు తెలిసిందే. తర్వాత సర్కారుకు ఒక భయం పట్టుకుంది. గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోకపోతే మళ్లీ తిరగబడతారు కదా. ఆ పనికి దొరికిన మనిషి క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమెండార్ఫ్. ఆస్ట్రియా దేశస్థుడు. రెండో ప్రపంచ యుద్ధం మొదలయ్యేసరికి ఆయన ఇక్కడ ఉన్నాడు. శత్రుదేశం పాస్‌పోర్టు కాబట్టి హైదరాబాద్ సంస్థానం దాటి పోయే వీలు లేకపోయింది. ఆయన, ఆయన భార్య బెట్టీ మార్లవాయిలో గుడిసె వేసుకుని ఉన్నారు.

వాళ్లు అక్కడ ఏం అడిగారు? అధికారులు అప్పటిదాకా అడిగింది "వీళ్లు పన్ను ఎందుకు కట్టరు? అడవి ఎందుకు నరుకుతరు?" అని. హైమెండార్ఫ్ అడిగింది వేరు. "ఈ పొలం ఎన్ని తరాల నుంచి దున్నుతున్నారు? కాగితం ఎవరి పేరు మీద ఉంది? రిజర్వ్ ఫారెస్ట్ హద్దు గీసినప్పుడు మీ ఊరు లోపల పడిందా, బయట పడిందా?" ప్రశ్న మారగానే జవాబూ మారింది. సమస్య గోండుల స్వభావంలో లేదు, హద్దు గీతలోనూ పట్వారీ పుస్తకంలోనూ ఉందని తేలింది. దున్నేవాడికి పట్టా లేదు. పట్టా రాయించుకోవడానికి చదువు లేదు. చదువు చెప్పడానికి గోండి భాష వచ్చిన పంతులు లేడు.

అసలు కథ ఇక్కడి నుంచి. రిపోర్టు రాసి ఊరుకోలేదు. 1943లో మార్లవాయిలోనే శిక్షణ కేంద్రం పెట్టారు. కొద్దో గొప్పో అక్షరం వచ్చిన గోండు యువకులను తీసుకుని పంతుళ్లుగా తయారుచేశారు. గోండి భాషలో, దేవనాగరి లిపిలో వాచకాలు అచ్చువేశారు. అక్కడ నేర్చుకున్నవాళ్లలో కొందరు పంతుళ్లయ్యారు, కొందరు గుమాస్తాలు, ఊరి అధికారులు అయ్యారు. భూమి విషయంలోనూ పని జరిగింది. ఆ కొద్ది సంవత్సరాల్లో ఆదిలాబాద్ జిల్లాలో లక్ష ఎకరాలకు పైగా భూమి ఆదివాసీల పేరు మీద పట్టా అయింది. ఆదివాసీల కోసం సంస్థానం సోషల్ సర్వీస్ శాఖ నడిపింది. హైమెండార్ఫ్ 1945 నుంచి నిజాం సర్కారుకు గిరిజనుల, వెనుకబడిన వర్గాల సలహాదారుగా ఉంటూనే ఉస్మానియాలో ఆంత్రోపాలజీ చెప్పారు. అదే ఇలాకాలో అధికారిగా పనిచేసిన సేతుమాధవరావు పగడి గోండి నేర్చుకుని, ఏకంగా గోండి వ్యాకరణమే రాశారు. సర్కారు అధికారి తన దగ్గరికి వచ్చే మనిషి భాష నేర్చుకుని వ్యాకరణం రాయడం అంటే మామూలు విషయం కాదు. ఇంకో భాష వచ్చినంత మాత్రాన ఆయన పరిశోధకుడు కాలేదు. తన దగ్గరికి వచ్చిన మనిషి మాటను ఆ మనిషి మాటల్లోనే వినాలనుకోవడం వల్ల అయ్యాడు.

అయితే మార్లవాయిని దేవుడి గదిలో పటం కట్టి పెట్టాల్సిన పని లేదు. ఆ విచారణ పెట్టించింది సర్కారు, అదీ తన శాంతి కోసం. రిపోర్టులు ఇంగ్లీషులో రాశారు, చదివింది పైవాళ్లు. ఎవరి గురించి రాశారో వాళ్లకు ఆ పుస్తకాలు చేరలేదు. ఇంకో సంగతి, 1970ల్లో హైమెండార్ఫ్ మళ్లీ ఆదిలాబాద్ వచ్చి చూశారు. పట్టాలిచ్చిన భూముల్లో చాలావరకు బయటి నుంచి వచ్చినవాళ్ల చేతుల్లోకి పోయాయి. అది కూడా ఆయన దాచకుండా రాశారు. 1982లో ఆ పుస్తకం వచ్చింది. నాకు ఇందులో కనిపించే పెద్ద పాఠం ఏంటంటే, ముప్పై ఏళ్ల తర్వాత తిరిగొచ్చి "మేం చేసింది నిలబడిందా?" అని అడగడం. సేవ చేసేవాళ్లకు ఇంతకన్నా కష్టమైన ప్రశ్న లేదు. బెట్టీ 1987లో హైదరాబాద్‌లో చనిపోయారు, ఆమె సమాధి మార్లవాయిలోనే ఉంది.

రెండో మజిలీ శామీర్‌పేట. హైదరాబాద్ పక్కనే, ఇప్పుడు నగరంలో కలిసిపోయినట్టే ఉంటుంది. 1951-52లో ఉస్మానియా విశ్వవిద్యాలయం అక్కడ సోషల్ సర్వీస్ ఎక్స్‌టెన్షన్ ప్రాజెక్టు నడిపింది. దాన్ని నడిపించింది ఎస్.సి. దూబే. వ్యవసాయం, పశువైద్యం, వైద్యం, విద్య విభాగాల నుంచి బృందాలు ఊళ్లోకి వెళ్లాయి. ఒకవైపు మందులు, పశువులకు టీకాలు, చదువు. ఇంకోవైపు కులాలు, కుటుంబాలు, అప్పులు, పండుగలు, తిండి గురించి అడిగి రాసుకోవడం. ఆ పని నుంచి వచ్చిందే 1955లో అచ్చయిన 'ఇండియన్ విలేజ్'. ప్రపంచంలో ఎక్కడ భారతీయ గ్రామం గురించి పాఠం చెప్పినా తలుచుకునే పుస్తకాల్లో అదొకటి. మన తెలంగాణ ఊరి గురించి, సేవకు పోయిన బృందం చేతుల మీదుగా వచ్చిన పుస్తకం అది.

దూబే అంతటితో ఆగలేదు. 1952 అక్టోబరు 2న దేశమంతా కమ్యూనిటీ డెవలప్‌మెంట్ కార్యక్రమం మొదలైంది. గ్రామసేవక్‌లు వచ్చారు. పథకాలు ఊళ్లకు వచ్చినా జనం ఎందుకు ఎత్తుకోవడం లేదని దూబే ఉత్తరప్రదేశ్ ఊళ్లలో పరిశీలించి 1958లో ఇంకో పుస్తకం రాశారు. అందులో గ్రామసేవక్ ఇబ్బంది కనిపిస్తుంది. పైనుంచి టార్గెట్, కింద నుంచి జనం, మధ్యలో ఆయన. ఇప్పటి ఆశా కార్యకర్తను, అంగన్‌వాడీ టీచరమ్మను అడగండి, అదే మాట చెప్తారు. యాప్‌లో నింపాల్సినవి నింపుతారు. అవన్నీ పైకి పోతాయి. కిందికి మాత్రం ఏదీ తిరిగి రాదు. అంటే మన ఫీల్డ్ మనుషులు రోజూ డేటా సేకరిస్తున్నారు. కానీ ప్రశ్న వాళ్లది కాదు. పరిశోధనకూ రిపోర్టు నింపడానికీ తేడా సరిగ్గా ఇక్కడే ఉంది.

ఇప్పుడు బాయిల దగ్గరికి వద్దాం. 1952లో గనుల చట్టం వచ్చింది. 1955 నాటి మైన్స్ రూల్స్ ప్రకారం 500 మంది లేదా అంతకన్నా ఎక్కువమంది పనిచేసే ప్రతి గనిలో వెల్ఫేర్ ఆఫీసర్ ఉండాల్సి ఉండేది. ఆయనకు డిగ్రీతో పాటు సోషల్ వర్క్, లేబర్ వెల్ఫేర్ లాంటి చదువు ఉండాల్సి ఉండేది. కార్మికులు మాట్లాడే భాష రావాల్సి ఉండేది. చూశారా, షికాగో నుంచి బొంబాయికి వచ్చిన చదువు చట్టం రూపంలో మన బాయి గేటు దాకా వచ్చింది. 1960ల్లో గోదావరిఖనిలో బాయిలు వరసగా తెరుచుకుంటుంటే, కరీంనగర్ పల్లెల నుంచి జనం వచ్చి చేరుతుంటే, వాళ్ల బతుకుల గురించి అడిగి రాసే చదువున్న ఉద్యోగి చట్టప్రకారం గని లోపలే ఉన్నాడన్నమాట.

కానీ ఆ కుర్చీలో కూర్చున్న మనిషి రోజు ఎట్లా గడుస్తుందో ఆలోచించండి. క్వార్టర్ అలాట్‌మెంట్, నీళ్లు రావట్లేదన్న ఫిర్యాదు, గైర్హాజరు కార్మికుడికి కౌన్సిలింగ్, ఆస్పత్రి రిఫరల్, చనిపోయిన కార్మికుడి ఇంటివాళ్ల కాగితాలు. భర్త పోయిన ఆమె వస్తుంది. మరణ ధ్రువీకరణ పత్రం, వారసత్వ పత్రం, నామినీ ఫారం అన్నీ సరిచూసి ఆ ఫైలు ముగించడమే పెద్ద సాయం. ఆ సాయాన్ని నేను తక్కువ చేయడం లేదు. కానీ ఫైలు ముగియగానే అందులోని సంగతీ ముగిసిపోతుంది. ఒక్కో ఫైలులో ఒక్కో ఇంటి బాధ ఉంటుంది. ముప్పై ఫైళ్లు పక్కపక్కన పెట్టి చూస్తే అప్పుడు ఒక ప్రశ్న పుడుతుంది. ముప్పై మంది ఆడవాళ్లలో ఎంతమందికి ఏ కాగితం దగ్గర ఆలస్యమైంది? ఎన్ని నెలలు? ఆ నెలలు ఇల్లు ఎట్లా గడిచింది? ఈ ప్రశ్న అడగడానికి కొత్తగా సర్వే ఏమీ అక్కర్లేదు. ఉన్న బీరువా తెరిస్తే చాలు, లోపల ఫైళ్లున్నాయి.

ఇంకో ఉదాహరణ చెప్తాను. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్‌ఈపీ బాయిలోకి నీళ్లు పోటెత్తి 17 మంది కార్మికులు చనిపోయారు. ఖనిలో ఆ రోజును మర్చిపోయినవాళ్లు లేరు. అంత పెద్ద ప్రమాదాల మీద అప్పట్లో గనుల చట్టం 24వ సెక్షన్ కింద కోర్ట్ ఆఫ్ ఎంక్వయిరీ వేసే వీలుండేది. ఆ విచారణ అడిగేది ప్రమాదానికి కారణాలు, పరిస్థితులు. నీళ్లు ఎటు నుంచి వచ్చాయి, పటం సరిగ్గా ఉందా, ఎవరి బాధ్యత? అది అడగాల్సిందే. మరి ఆ తర్వాత ఆ ఇళ్లలో ఏం జరిగింది? పిల్లల చదువు ఎక్కడిదాకా వచ్చింది? అమ్మ ఒక దగ్గర, నాయనమ్మ ఒక దగ్గర అయిన ఇల్లు ఎట్లా నిలదొక్కుకుంది? ఏ విచారణ కోర్టూ అది అడగదు. అది అడగాల్సింది ఆ ఇంటికి రోజూ పోయే మనిషి. అంటే మనం.

ఇప్పుడు మూడో మజిలీ. 1980ల్లో హైదరాబాద్‌లో స్త్రీ శక్తి సంఘటన అనే బృందం తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న ఆడవాళ్ల దగ్గరికి పోయి వాళ్ల మాటలు రికార్డు చేసింది. 1986లో 'మనకు తెలియని మన చరిత్ర' పేరుతో పుస్తకం వచ్చింది. తర్వాత 1989లో ఇంగ్లీషులోనూ వచ్చింది. ఆ బృందంలో అందరూ చరిత్రకారులు కాదు. ఉద్యమంలో పనిచేసే ఆడవాళ్లు, పంతులమ్మలు, ఒక డాక్టరు కూడా. పోరాటం గురించి అప్పటికే బోలెడు పుస్తకాలున్నాయి. కానీ ఆడవాళ్లను కూర్చోబెట్టి ఓపిగ్గా అడిగితే వచ్చింది వేరే చరిత్ర. పిల్లను ఎవరి చేతిలో పెట్టి పోయారు, తిరిగొచ్చాక ఇల్లు ఎట్లా చూసింది అన్న సంగతులు బయటికి వచ్చాయి. మన బొగ్గు ఇలాకాకు ఇది చాలా దగ్గరి పాఠం. సింగరేణి చరిత్ర అంటే ఇప్పటికీ టబ్బు, తట్ట, సమ్మె, సర్దార్. మూడు షిఫ్టులకు మూడు రకాలుగా వంట వండిన ఆడమనిషి, సైరన్ అదనంగా మోగితే గేటు దగ్గరికి ఉరికిన ఆడమనిషి ఏ మస్టర్‌లోనూ లేదు.

మస్టర్ అన్నాను కాబట్టి అసలు ప్రమాదం దగ్గరికి వస్తున్నాను. 1990 ప్రాంతంలో సింగరేణిలో లక్ష మందికి పైగా కార్మికులు ఉండేవాళ్లు. ఇప్పుడు ఆ సంఖ్య నలభై వేల దగ్గర ఉంది. భూగర్భ బాయిలు ఒక్కొక్కటే మూతపడుతున్నాయి. ఓసీలు పెరిగాయి, కాంట్రాక్టు పనులు పెరిగాయి. రోల్స్ మీద ఉన్నంతకాలం మనిషికి ఒక నంబరు, ఒక క్వార్టరు, ఒక మెడికల్ కార్డు, అడిగేవాడు ఒకడు ఉంటాడు. రిటైరై ఊరికి పోయినవాడు, అన్‌ఫిట్ అయి ఇంట్లో కూర్చున్నవాడు, కాంట్రాక్టరు మారితే పని పోయినవాడు, ఊరు ఓసీ కింద పోయి పట్నానికి వచ్చినవాడు రిజిస్టర్ల నుంచి జారిపోతారు. దుమ్ముతో వచ్చే ఊపిరితిత్తుల జబ్బునే తీసుకోండి. 1952 నాటి గనుల చట్టం 25వ సెక్షన్ కింద ఇలాంటి జబ్బు కనిపిస్తే తెలియజేయాల్సి ఉండేది. కానీ ఈ జబ్బు నిదానంగా వస్తుంది, పని మానేసిన ఎన్నో ఏళ్లకు బయటపడొచ్చు. అప్పుడు ఆ ముసలాయన దగ్గు ఏ లెక్కలో పడుతుంది? ఊళ్లో ఆశా కార్యకర్త విన్న దగ్గు అది. ఆమె రాసుకుంటేనే అది లెక్క. లేకపోతే వట్టి దగ్గుగానే పోతుంది.

కాబట్టి నేను చెప్పే మాట ఒక్కటే. మనుషులు రిజిస్టర్ల నుంచి జారిపోతున్న ఈ కాలంలో, వాళ్ల ఇంటికి పోయే మనిషికి అడిగే విద్య రావాలి. దీనికి పీహెచ్‌డీ అక్కర్లేదు. మార్లవాయి, శామీర్‌పేట, స్త్రీ శక్తి సంఘటన నుంచి నేను ఏరుకున్న కొన్ని సంగతులు చెప్తాను, మీ పనిలో పెట్టి చూడండి.

మొదటిది, ప్రశ్న చిన్నగా ఉండాలి. "సింగరేణి కార్మికుల సామాజిక ఆర్థిక స్థితిగతులు" అని ఎమ్మెస్‌డబ్ల్యూ పిల్లలు టైటిల్ రాసుకొస్తారు. అది ప్రశ్న కాదు, గంప. "మా కాలనీలో అన్‌ఫిట్ అయిన కార్మికుల ఇళ్లలో మొదటి ఏడాది అప్పు ఎక్కడ తెచ్చారు?" ఇది ప్రశ్న. ఇరవై ఇళ్లు తిరిగితే ఏదో ఒక జవాబు చేతికి వస్తుంది.

రెండోది, మీ జాబితాలో లేనివాళ్లు ఎవరని అడగండి. క్వార్టర్ల లిస్టు పట్టుకుని తిరిగితే క్వార్టర్లలో ఉన్నవాళ్లే దొరుకుతారు. గుడిసెల్లో, కిరాయి ఇళ్లలో ఉన్న కాంట్రాక్టు కార్మికుడు దొరకడు. అప్పుడు మీ లెక్క తప్పు కాదు గానీ, సగం లెక్క. అది సగమేనని కాగితం మీద రాయాలి.

మూడోది, మాట. పగడి గోండి నేర్చుకున్నట్టు మనమూ బాయి భాష నేర్చుకోవాలి. "ఆదాయం ఎంత?" అంటే ఒక జవాబు వస్తుంది. "పోయిన నెల ఎన్ని మస్టర్లు పడ్డయే? చేతికెంత వచ్చింది? కటింగులెన్ని?" అంటే వేరే జవాబు వస్తుంది. "మానసిక ఒత్తిడి ఉందా?" అంటే లేదంటారు. "రాత్రి నిద్ర పడుతుందా అన్నా?" అంటే అరగంట మాట్లాడతారు. ఫారం తెలుగులో ఉంటే సరిపోదు, వాళ్ల తెలుగులో ఉండాలి.

నాలుగోది చాలా ముఖ్యం. మీరు ఎవరు అన్నది మీ ప్రశ్న కంటే ముందు ఇంట్లోకి పోతుంది. పింఛను ఫారం మీద సంతకం పెట్టే మనిషి "మందు తాగుతావా?" అని అడిగితే ఎవరు అవునంటారు? యూనివర్సిటీ నుంచి వచ్చినవాడికి ఈ చిక్కు తక్కువ. కానీ ఆయనకు తలుపు సగమే తెరుస్తారు. మీకు తలుపు మొత్తం తెరుస్తారు గానీ మీకు నచ్చే జవాబు చెప్తారు. అందుకని ముందే చెప్పాలి. "అక్కా, ఈ ముచ్చటకూ నీ పింఛనుకూ సంబంధం లేదు. చెప్పకపోయినా నీ పని ఆగదు" అని. చెప్పిన మాట మీద నిలబడాలి. కొన్ని ప్రశ్నలు మీరు కాకుండా వేరే మనిషితో అడిగించడం మేలు.

ఐదోది, పేరు దాచడం. మన కాలనీల్లో పేరు తీసేస్తే సరిపోదు. "ఎయిటింక్లయిన్ కాలనీలో ఇద్దరు ఆడపిల్లలున్న ఫలానా బాయి టింబర్‌మెన్" అని రాస్తే అందరికీ తెలిసిపోతుంది. కాంట్రాక్టు కార్మికుడి విషయంలో ఇంకా జాగ్రత్త. ఆయన మాట బయటికి పొక్కితే రేపటి పని పోవచ్చు. ఒక మంచి వాక్యం రాయడం కోసం ఒక మనిషి అన్నం మీద దెబ్బ కొట్టొద్దు. అనుమానం ఉంటే ఆ వాక్యం తీసెయ్యండి.

ఆరోది, వాళ్లు అన్నది ఒకవైపు, మీకు అనిపించింది ఇంకోవైపు రాసుకోండి. నోటుపుస్తకం పేజీని మధ్యలో గీత గీసి రెండుగా చేయండి. ఎడమవైపు ఆమె మాట. కుడివైపు మీ ఆలోచన. ఆరు నెలల తర్వాత తిరిగి చదివితే కుడివైపు రాసిన దాంట్లో ఎన్ని మారిపోతాయో చూడండి. ఎడమవైపు మాత్రం మారదు.

ఏడోది, ఆఖరిది. తిరిగి పోండి. మార్లవాయి రిపోర్టులు గోండులకు చేరలేదన్నాను కదా. మనం ఆ వెలితి పూడ్చొచ్చు. ఇరవై ఇళ్లు తిరిగాక ఒక ఆదివారం సాయంత్రం ఆ ఇరవై ఇళ్లవాళ్లను కమ్యూనిటీ హాల్లో కూర్చోబెట్టి, తెలిసింది తెలుగులో పది నిమిషాలు చెప్పండి. "మీ ఇరవై ఇళ్లలో ఇన్ని ఇళ్లు వడ్డీ వ్యాపారి దగ్గరికి పోయాయి, ఇన్ని ఇళ్లు బంగారం కుదువ పెట్టాయి" అనండి. వెంటనే ఎవరో ఒకరు లేచి "అట్ల కాదు సార్, మా దగ్గర జరిగింది ఇది" అంటారు. ఆ మాటే మీ పరిశోధనలో అన్నిటికన్నా విలువైన పేజీ. అక్కడే ఇంకో పని కూడా జరుగుతుంది. ఎవరి ఇంట్లో వాళ్లు తమ తలరాత అనుకున్నది పక్కింట్లోనూ ఉందని తెలుస్తుంది. అప్పుడు అది అడగాల్సిన విషయం అవుతుంది, అర్జీ అవుతుంది.

మరి ఇదంతా ఎవరు నేర్పాలి? ఎమ్మెస్‌డబ్ల్యూ కాలేజీలున్నాయి. రామగుండంలో 2022 నుంచి మెడికల్ కాలేజీ ఉంది, అక్కడ కమ్యూనిటీ మెడిసిన్ అనే విభాగమే ఉంటుంది. రిటైరైన వెల్ఫేర్ ఆఫీసర్లు, హెడ్ నర్సులు, యూనియన్ ఆఫీసుల్లో ఇరవై ఏళ్లు కాగితాలు రాసిన పెద్దమనుషులు ఉన్నారు. నెలకొక్క సాయంత్రం వీళ్లు కూర్చుని, ఫీల్డ్‌లో తిరిగేవాళ్లు తెచ్చిన ఒక ప్రశ్న మీద మాట్లాడుకుంటే చాలు. మార్లవాయిలో భవనం లేదు, ప్రొజెక్టర్ లేదు. గుడిసె, నేర్చుకోవాలన్న పది మంది యువకులు, అడగడం వచ్చిన ఇద్దరు ముగ్గురు ఉన్నారు. మన దగ్గర అంతకంటే ఎక్కువే ఉంది.

ఒక విమర్శ మీ మనసులో ఉండొచ్చు. "పని భారమే మోయలేకపోతున్నాం, దీనికి టైమెక్కడ?" నిజమే. టార్గెట్లు, యాప్‌లు, మీటింగులు నాకు తెలుసు. అందుకే కొత్తగా ఏదీ మొదలుపెట్టమనడం లేదు. రాస్తున్న రిజిస్టర్‌లోనే ఒక ప్రశ్న మీది పెట్టుకోమంటున్నాను. పైవాళ్లు అడిగిన పది గడులు నింపండి. పదకొండో గడి మీరు గీసుకోండి. ఆ పదకొండో గడిలో ఏం అడగాలో నేను చెప్పలేను, అది మీకే తెలుసు. ఎందుకంటే ఆ ఇంటి గడప దాటి లోపలికి పోతున్నది మీరు.

బొగ్గు పొర ఎంత మందమో 150 ఏళ్ల కింద రాసిన లెక్క ఇప్పటికీ పనికొస్తోంది. ఈ ఇలాకాలో బాయి మూతపడ్డాక మిగిలిన మనుషుల లెక్క కూడా ఎవరో ఒకరు రాయాలి. బయటి నుంచి వచ్చి రాసేవాళ్లు వస్తే రానీయండి, మంచిదే. కానీ వాళ్లు వచ్చేసరికి మన నోటుపుస్తకాలు సిద్ధంగా ఉండాలి.

మీ దగ్గర అట్లాంటి పాత రిజిస్టర్లు, డైరీలు, ఫీల్డ్ నోట్సు ఉంటే పారేయకండి, పాత పేపర్లలో కలిపి అమ్మేయకండి. వచ్చే ఎపిసోడ్‌లో పాత గని కాగితాలను ఎట్లా చదవాలి, అందులో మనుషులను ఎట్లా వెతకాలి అన్న ముచ్చట చెప్పుకుందాం. అప్పటిదాకా సెలవు. నమస్తే.